డెబ్బది యేండ్ల తోట

పాఠ భాగము: యిర్మీయా 28:1-4, 29:1-11. తోడుగా చదువవలసినవి: నిర్గమకాండము 35:25-35, లేవీయకాండము 19:9, 10, అపొస్తలుల కార్యములు 9:36-42.



బబులోనుకు చెరగా కొనిపోబడిన యూదులను గూర్చి ఒకే కాలమున రెండు మాటలు వినబడెను. రెండే సంవత్సరములలో చెర ముగియునని హనన్యా చెప్పెను. డెబ్బది సంవత్సరములు పట్టునని యిర్మీయా వ్రాసెను. ఈ రెండు లెక్కలకు మధ్య ఉన్న భేదము తోట దగ్గర తెలియును. రెండేండ్లలో వెళ్లిపోవుదునని నమ్మినవాడు మామిడి టెంక పాతిపెట్టునా? మూట కూడ పూర్తిగా విప్పడు. డెబ్బది యేండ్లని విన్నవాడు మాత్రము పాతిపెట్టును, తాను తినకున్నను మనుమడు తినునని. యిర్మీయా ఉత్తరములో వరుసను గమనించుడి. ప్రార్థన సంగతి ఏడవ వచనములో వచ్చును. ఇండ్లు కట్టుట, తోటలు వేయుట అంతకు ముందే, అయిదవ వచనములో ఉన్నవి. పైగా ఆ ఊరు వారిని చెరపట్టిన ఊరు. దాని క్షేమములోనే వారి క్షేమమున్నదని ప్రవక్త చెప్పుట వినువారికి ఎంత కష్టముగా నుండెనో ఊహించుకొనుడి.

మన అనకాపల్లి సంగతికి వత్తము. బెల్లపు మార్కెట్టు వలన దేశమంతట పేరున్న పట్టణమిది. 2022 ఏప్రిల్ 4 నుండి జిల్లా కేంద్రము కూడ. చుట్టుప్రక్కల పల్లెలనుండి పనులకై వచ్చి అద్దె గదులలో కాపురముండువారు మన సంఘస్థులలో కలరు. వీధి చివర చెత్తకుప్పను చూపినయెడల, “ఇది మన ఊరు కాదు కదండీ” అందురు. పల్లెలో ఉండిపోయినవారు, “పిల్లలు విశాఖపట్టణమో హైదరాబాదో పోయిరి, ఇక మొక్క ఎవరికొరకు అయ్యగారూ?” అందురు. భక్తిపరులు చెప్పు మూడవ జవాబొకటి కలదు: మనము యాత్రికులము, పరలోకమే మన పట్టణము, ఈ వీధులతో మనకేమి పని? ఈ మూడింటిలో మూడవదానికే నేను ఎక్కువ భయపడుదును. ఏలయనగా అది వాక్యమువలె వినబడును. మనము యాత్రికులమన్నది నిజమే. అయితే బబులోనులోని యూదులకంటె ఎక్కువ యాత్రికులము కాము గదా! తోట వేయుమని ఆజ్ఞ పొందినది సొంత ఊరివారు కాదు, పరదేశమున చెరలోనున్నవారే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునొద్ద తీరము దాటిన దినము మన ప్రాంతమువారెవరును మరువలేరు. తెల్లవారునప్పటికి ఎన్నో వీధులలో నీడలేకుండ పోయెను. పడిపోయిన మ్రానులను తొలగించుటకును, తరువాత మరల మొక్కలు నాటుటకును ప్రభుత్వోద్యోగులతోపాటు జీతము లేకుండ వచ్చిన విద్యార్థులు, సామాన్య జనులు పనిచేసిరి. ఒక్క దినములో పోయిన నీడ తిరిగి వచ్చుటకు ఇన్ని యేండ్లు పట్టుచున్నది. చెట్టుకు హనన్యా లెక్క తెలియదు.

మొక్క నాటుట మన దేశములో పండుగగా నున్నది. 1950లో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవమును జూలై మాసపు పండుగగా ఆరంభించెను. పండుగ మంచిదే. కాని ఫోటోలు తీయువారు వెళ్లిన తరువాత ఆ మొక్క గతి ఏమి? ప్రతి జూలైలోను అదే గుంటలో క్రొత్త మొక్కను నిలబెట్టు చోట్లు కొన్నిగలవు. గుంట మాత్రము అన్ని వేసవులకును తట్టుకొని నిలిచియున్నది!

ఇందుకు భిన్నమైన మనిషిని ఒకరిని తలంచుకొందము. ఖమ్మము జిల్లా రెడ్డిపల్లి వాస్తవ్యుడు దరిపల్లి రామయ్యను జనులు వనజీవి రామయ్య అని పిలిచిరి. ఆయన గింజలు ఏరి, జేబులలోను సంచులలోను నింపుకొని, సైకిలు మీద తిరుగుచు, ఖాళీ నేల కనబడిన చోటనెల్ల నాటుచు పోయెను. కోటికి పైగా మొక్కలు నాటెనని చెప్పుదురు. భార్య జానమ్మ ఆయనకు తోడుగా నుండెను. పారవేసిన రేకు ముక్కలను ఏరి, వాటిమీద చెట్లను గూర్చిన మాటలు రంగులతో తన చేతనే వ్రాసి, మెడలో తగిలించుకొని తిరుగుట ఆయన వాడుక. 2017లో పద్మశ్రీ బిరుదు వచ్చెను. 2025 ఏప్రిల్ 12న కన్నుమూసెను. ఆయన ఎవరి యొద్దను ఈ పనికి జీతగాడు కాడు. ఒక సైకిలు, కొన్ని గింజలు, పాత రేకులు ఆయన సామగ్రి. ఇవి లేని సంఘము మనలో ఏది?

మొక్కల మాట ఎత్తగానే మన పల్లెలలో వినబడు అభ్యంతరము: “మేకలు తినివేయును, మిగిలినది దారిన పోవువారు కోసికొందురు.” మేకకు తాటిమట్టల దడి చాలును. దారిన పోవువారి సంగతి వేరు. 2008లో ఇంగ్లాండు దేశపు టాడ్మర్డెన్ అను చిన్న పట్టణములో కొందరు స్త్రీ పురుషులు కలిసి, పోలీసు స్టేషను ముందర, వీధుల ప్రక్కన, ఖాళీ నేలలయందు కూరగాయలు నాటిరి. ఎవరికి కావలెనో వారు కోసికొనవచ్చునని ప్రకటించిరి. కోసికొనుటయే అక్కడ దొంగతనము కాక తోటయొక్క ఉద్దేశమాయెను. మన బైబిలు చదివినవారికి ఇది వింత కాదు. పొలపు ఓరలను పూర్తిగా కోయక బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండములో ఉన్నది గదా. వీధి మూలన వేసిన మునగచెట్టు, కరివేపాకు చెట్టు మన కాలపు పొలపు ఓరలు.

ఇప్పుడు చేతిపనుల సంగతి. మన జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక యున్నది. అక్కడివారు అంకుడు కర్రను ఎండబెట్టి, యంత్రముమీద త్రిప్పుచు చెక్కి, లక్కలో కలిపిన రంగును తిరుగుచున్న కర్రకు ఒత్తుదురు. ఆ రాపిడి వేడికే లక్క కరగి కర్రకు పట్టుకొనును. పసుపునుండి, జాఫ్రా గింజలనుండి, నీలిమొక్కనుండి రంగులు తీయుట కలదు. రసాయనపు రంగులు వచ్చి ఈ విద్యను మూలకు త్రోసినప్పుడు, సి.వి. రాజు పనివారిని కూడగట్టి చెట్టు రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు పాటుపడెను. బొమ్మను పసిబిడ్డ నోట పెట్టుకొనును, కాబట్టి ఇది అందమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చెను. 2025 గణతంత్ర దినమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటము ఈ బొమ్మలనే చూపెను.

అయితే అంకుడు కర్ర దొరకుట ఆ పనివారికి కష్టమైనది. కొట్టుట సులభము, నాటుట ఆలస్యము. చెట్టు లేనిదే బొమ్మ లేదు గనుక, చేతిపనివానికి తోటపని పరాయిది కాదు.

దేవుడు ఒకనిని తన ఆత్మతో నింపితినని స్వయముగా చెప్పిన మొదటి సందర్భము జ్ఞాపకము చేసికొనుడి. ఆ మనుష్యుడు ప్రసంగీకుడు కాడు. బెసలేలు, రత్నములు, లోహములు, కర్ర చెక్కువాడు. అతనికిని అహోలీయాబునకును ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ దేవుడు పుట్టించెను (నిర్గమ. 35:34). అదే అధ్యాయములో స్త్రీలు తమ చేతులతో వడికిన నూలును తెచ్చిరి. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురునకు చూపినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు. మన స్త్రీల సమాజములో కుట్టు, అల్లిక తెలిసిన అక్కలు, అత్తమ్మలు ఎందరో కలరు. వారి నేర్పు క్రిస్మసు ముందు వారములో మందిరపు గోడలకే ఖర్చగుట నాకు లోభముగా కనబడుచున్నది.

ఈ పని చేయదలచిన సంఘములకు రెండు మాటలు చెప్పవలెను. మొదటిది బల్లను గూర్చి. సంఘపు పేరు, కాపరి పేరు పెద్ద అక్షరములతో వ్రాయించి మొక్క ప్రక్కన పాతు అలవాటు మనకు వద్దు. ఆదివారపు బడి పిల్లలు పాత రేకుమీద మొక్క పేరును, ఆ వారము నీరు పోయు ఇంటి పేరును రంగులతో వ్రాయుదురు గాక. ఆ వరుసలో వీధిలోని హిందువుల ఇండ్లు, మహమ్మదీయుల ఇండ్లు కూడ ఉండవలెను. అడిగి చేర్చుకొనుడి. తోటను ఎరగా చేసి మనుష్యులను పట్టుకొనవలెనను ఆలోచన కొందరికి కలుగవచ్చును. యిర్మీయా అట్లు వ్రాయలేదు. పట్టణపు క్షేమము వెదకుమనెను, అంతే.

రెండవది వేసవిని గూర్చి. తొలకరిలో ఎవడైనను నాటును. బాట ప్రక్కకు వేప, కానుగ, నేరేడు మంచివి. కరెంటు తీగల క్రింద మాత్రము వద్దు, ముందుగా పంచాయతీవారిని గాని పురపాలకులను గాని అడుగుడి. మొదలునందు చెరకు ఆకు పరచినయెడల తడి నిలుచును. మొక్క ప్రక్కన పాత కుండ అడుగున చిన్న బెజ్జము చేసి, గుడ్డవత్తి దూర్చి, మెడవరకు పాతి నీరు నింపినయెడల చుక్కచుక్కగా వేరునకు అందును.

ఈ మాసపు గృహకూటములలో మాటలాడుకొనుటకు: హనన్యా మాట జనులకు యిర్మీయా మాటకంటె ఎందుకు ఇంపుగా నుండెను? మన సంఘములో కర్రపని, కుట్టు, అల్లిక తెలిసినవారెవరు, వారియొద్ద నేర్చుకొను పిల్లలెవరు? ఏప్రిల్, మే మాసములలో మీ వీధిలో ఎవరి బావిలో నీరుండును? మొక్క తేకముందే వారి గుమ్మమునకు వెళ్లి అడిగితిరా?