వాతాపి మహావిష్ణు గృహము

దానము చేయుట ధర్మము. ఆ దానఫలమును సైతము ఇతరులకు ధారపోయుట అంతకన్న గొప్ప ధర్మమని పెద్దలందురు. దీనికి శిలాసాక్ష్యముగ నిలిచిన ఆలయ మొకటి కర్ణాటక దేశమున, బాగలకోట జిల్లా బాదామిలో కలదు.

బాదామికి ప్రాచీన నామము వాతాపి. అతిథులను వంచించి చంపుచుండిన ఇల్వల వాతాపుల కథ భారతమున అరణ్యపర్వమందు ప్రసిద్ధము. వాతాపిని అగస్త్య మహర్షి జీర్ణము చేసికొనిన తావిదియే యని స్థానికుల విశ్వాసము. కొండ క్రింది చెరువునకు అగస్త్య తీర్థమని పేరు. క్రీ.శ. 6వ శతాబ్దిలో ఈ నగరము చాళుక్యులకు రాజధాని యయ్యెను.

ఎర్రని ఇసుకరాతి కొండను తొలిచిన గుహాలయములు ఇచ్చట నాలుగు. మొదటిది శివునిది, రెండవది, మూడవది విష్ణువునివి, నాల్గవది జైనులది. వీనిలో మూడవది పెద్దది. దాని ముఖభాగము వెడల్పు సుమారు 70 అడుగులు. అక్కరలేని రాతిని తొలగించుచు పోగా మిగిలినదే ఈ గుడి. స్తంభములు, దూలములు, మూర్తులు అన్నియు ఒకే కొండలోనివి. శేషుని చుట్టలపై ఆసీనుడైన విష్ణువు, భూదేవి నుద్ధరించు వరాహమూర్తి, నిలిచియున్న నరసింహుడు, త్రివిక్రముడు, హరిహరమూర్తి ఇచ్చట దర్శనమిత్తురు. వరాహము చాళుక్యుల రాజలాంఛనము కూడ.

శక సంవత్సరము 500, అనగా క్రీ.శ. 578, కార్తిక పూర్ణిమ నాడు ఇచ్చట విష్ణుప్రతిష్ఠ జరిగినట్లు గుహలోని సంస్కృత శాసనము తెలుపుచున్నది. ఆలయమును నిర్మింపజేసినవాడు మంగళేశుడు. అప్పుడు రాజ్యమేలుచున్నవాడు అతని అన్న కీర్తివర్మ. నారాయణబలికిని, బ్రాహ్మణుల, పరివ్రాజకుల భోజనమునకును ఒక గ్రామము దానమీయబడెను. సమీపముననే యున్న కన్నడ శాసనము ఈ ఆలయమును ‘రాతియిల్లు’ అని పేర్కొని, పూలమాలలు కట్టువారిని కూడ స్మరించుచున్నది.

సంస్కృత శాసనమున మిక్కిలి గమనింపదగిన విషయ మింకొకటి గలదు. ఈ పుణ్యకార్యఫలమును మంగళేశుడు సూర్యాగ్నుల సన్నిధిని, జనులు చూచుచుండగా, ఉదకపూర్వకముగ అన్నకు సమర్పించెను. భ్రాతృశుశ్రూష వలన కలుగు ఫలము మాత్రము తనకు కలుగుగాక యని కోరుకొనెను. లక్ష్మణుని తలపించు మాట యిది.

అయితే, కీర్తివర్మ అనంతరము రాజైన మంగళేశుడు అన్నకుమారుడగు రెండవ పులకేశిని కాదని తన పుత్రునికే రాజ్యము దక్కింప యత్నించెను. ఆ పోరులో రాజ్యమును ప్రాణమును కూడ కోల్పోయెనని క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనము వలన తెలియుచున్నది. ఆ పులకేశియే తన తమ్ముడైన కుబ్జవిష్ణువర్ధనుని నమ్మి వేంగీదేశము నప్పగించెను. ఆంధ్రదేశమున తూర్పు చాళుక్య వంశము అట్లు వెలసినది.

దీనివలన గ్రహింపదగిన దేమి? ఫలత్యాగము ఒకనాటి ఉదకధారతో ముగియదు. చేతిలోని నీరు ఆరిన పిదప కూడ మనస్సు ఆ సంకల్పమునకు కట్టుబడి యుండవలెను. అన్నకు పుణ్యమునే ఇచ్చివేసినవాడు అన్నకొడుకునకు రాజ్యము నీయలేకపోయెను. కనబడని దానిని ఇచ్చుట సులభము. అనుభవించుచున్న దానిని విడుచుట కష్టము.

నేడు ఆ గర్భగృహమున నాటి మూర్తి లేదు, నిత్యార్చన లేదు. పురావస్తు శాఖ ఆలయమును సంరక్షించుచున్నది. శిలపై చెక్కిన మాట మాత్రము చెక్కుచెదరక నిలిచినది. ఆ మూర్తులను దర్శింప నేగువారు శాసనము కడ కూడ ఒక క్షణము నిలిచి, తాము చేసిన సంకల్పములను స్మరించుకొనుట శ్రేయోదాయకము.