పోసేది ఒకకాడ, తేలేది ఇంకొకకాడ

కాళేశ్వరం



గీతలు గీసేతందుకు ఇన్‌లైన్ అసెంబ్లీ పెట్టి నువ్వు పంపిన సీ కోడ్ చూసిన బిడ్డా. తెర మీద మొదటి గీత వస్తున్నది, తక్కినవి మాయం. ఆప్టిమైజేషన్ తీసేస్తే అన్నీ వస్తున్నయి. అందుకని బగ్గు కంపైలర్‌దే అన్నవు. జర ఆగు.

మన గుడిల ముక్తేశ్వరుని లింగానికి రెండు నాసికా రంధ్రాలు ఉంటయి గదా. అండ్ల పోసిన నీళ్లు లోలోపలే పోయి గోదావరి, ప్రాణహిత కలిసేకాడ తేలుతయని పెద్దలు చెప్పేటోళ్లు. ఇన్‌లైన్ అసెంబ్లీల తప్పు గూడ అంతే, చేసేది ఒకకాడ, బయటపడేది ఇంకొకకాడ.

నా సంగతే విను. తొంభైలల్ల టర్బో సీల బొమ్మలు గీసేటోణ్ణి. మోడ్ 13హెచ్ అంటే అడ్డం 320, నిలువు 200 చుక్కలు, 256 రంగులు. తెరంతా ఎ000 సెగ్మెంట్‌ల 64,000 బైట్లు. బొమ్మ కాపీ చేసే అసెంబ్లీ బ్లాకుల డీఎస్ రిజిస్టర్ మార్చి, పాత విలువ తిరిగి పెట్టుడు మరిచిన. బొమ్మ మంచిగనే పడ్డది. దాని కిందున్న సీ లైన్ల గ్లోబల్ వేరియబుల్ మాత్రం చెత్త చూపెట్టింది. రెండు దినాలు ఆ లైన్‌నే తిట్టుకుంట కూసున్న.

నీదీ అదే కథ. గీతను నింపే రెప్ స్టాస్‌బి నడిచినంక ఈసీఎక్స్ సున్నా అయితది, ఈడీఐ గీత చివరికి చేరుతది. నువ్వు రెండిటినీ ఉత్త ఇన్‌పుట్లుగ రాసినవు. జీసీసీ కంపైలర్ నీ అసెంబ్లీని అర్థం చేసుకోదు, నువ్వు రాసిచ్చిన పట్టీనే నమ్ముతది. ఇన్‌పుట్ మారదనుకొని రెండో గీతకు అదే ఈసీఎక్స్‌ను వాడింది. లెక్క సున్నా అయితే గీత ఏడికెళ్లి వస్తది? ఆప్టిమైజేషన్ లేనప్పుడు విలువలు ప్రతిసారి మెమరీ నుంచి తెచ్చుకుంటది గనుక తప్పు దాగింది.

అసెంబ్లీ చెడగొట్టే రిజిస్టర్లను చెప్పే క్లాబర్ల పట్టీల ఇన్‌పుట్‌ను జీసీసీ పెట్టనియ్యదు. ఆ రెండిటికీ ప్లస్ గుర్తు పెట్టి, చదివి రాసే ఆపరాండ్లుగ చెప్పు. మెమరీ క్లాబర్ పెట్టు. వోలటైల్ మరువకు, లేకుంటే ఆ ఫలితాలు ఎవరూ వాడుతలేరని బ్లాకునే తీసెయ్యొచ్చు.

ఇకనుంచి బ్లాకుకు ముందు, తర్వాత ఏ రిజిస్టర్ల ఏముండాల్నో కాగితం మీద రాసుకో. జీడీబీల స్టెప్‌ఐ కొట్టుకుంట సరిచూడు. పరీక్షకు రెండు గీతలు గియ్యి. ఒక్కటే గీస్తే ఈ తప్పు దొరకకపోవచ్చు. అదే పని సీల రాసి, రెండు బఫర్లను బైటుకు బైటు పోల్చు. సీ కోడే సరిపోయేంత వేగంగ ఉంటే అసెంబ్లీని తీసెయ్యి, నామోషీ ఏం లేదు.

కంపైలర్ మీద కోపం వస్తే, దానికి నేను చెప్పకుండ ఏం మార్చిన్నని నిన్ను నువ్వు అడుగు.

సవరించినంక, ఆప్టిమైజేషన్ పెట్టే నడిపి, తెర ఫోటో పంపు. గీతలు లెక్కపెడ్త.

మీ మామయ్య