వెన్నుపూస చెప్పిన వయస్సు

మన గోరంట్ల ప్రాంతపు రైతు సంతలో ఎద్దును కొనునప్పుడు అమ్మువాని మాటను మాత్రమే నమ్మి డబ్బు లెక్కపెట్టడు. ముందుగా ఎద్దు నోరు తెరచి పళ్లు చూచును. రెండు పళ్లు వేసినదా, నాలుగు వేసినదా, ఎనిమిదియు పూర్తియైనవా అని పరీక్షించి వయస్సు నిర్ణయించును. మూగజీవము మాటలాడలేకున్నను దాని దేహమే సాక్ష్యము చెప్పును.

సముద్రములోని సొరచేప వయస్సును తెలిసికొనుట ఇంత సులభము కాదు. దాని పళ్లు జీవితమంతయు ఊడుచు, కొత్తవి వచ్చుచునే యుండును. అనేక జాతుల చేపల వయస్సును వాని చెవిలోని చిన్న రాయిని కోసి చెప్పవచ్చును. సొరచేపకు అట్టి గట్టి రాయి లేదు. దాని అస్థిపంజరము మన చెవి దొప్పవలె మృదులాస్థితో ఏర్పడినది. అయినను వెన్నుపూసలలో సున్నపు లవణములు చేరి గట్టిపడును. అట్టి పూసను పలుచగా కోసి చూచినచో, నరికిన మ్రాని మొద్దునందువలె వలయములు కనబడును.

ఆ వలయములను లెక్కించిన చాలునని తోచును. కాని ఇక్కడనే చిక్కు వచ్చినది. చేపలన్నిటిలో పెద్దది తిమింగల సొర. దాని పూసలో ఏడాదికి ఒక వలయము ఏర్పడునని కొందరును, రెండు ఏర్పడునని మరికొందరును తలచిరి. 50 వలయములున్న చేపకు ఒక లెక్కన 50 ఏండ్లు. మరియొక లెక్కన 25 ఏండ్లు. ఏది నిజము?

ఈ తగవును రసాయనశాస్త్రము తీర్చినది. 1950, 1960 దశాబ్దములలో అగ్రరాజ్యములు బాహాటముగా అణ్వస్త్ర పరీక్షలు జరిపినందున కర్బనము-14 గాలిలో దాదాపు రెండింతలయ్యెను. అట్టి పరీక్షలను నిషేధించు ఒడంబడిక 1963లో మాస్కోలో జరిగెను. పిదప గాలిలో అది క్రమముగా తగ్గసాగెను. ఆ కర్బనము సముద్రజలమున కలసి, ఆహారము ద్వారా చేపల దేహములను చేరినది. పూసలో ఒకసారి ఏర్పడిన వలయము మరల మారదు గనుక, ఆనాటి కర్బనము అందే తేదీ ముద్రవలె నిలిచిపోయెను. పాకిస్తాన్, తైవాన్ ప్రాంతములలో లభించిన తిమింగల సొరల పూసలను ఇట్లు పరీక్షించి, ఏడాదికి ఒక్కటే వలయమని శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిరి. సుమారు 10 మీటర్ల పొడవుగల ఒక చేప 50 ఏండ్లు బ్రతికినదని తేలెను.

వలయము వయస్సునే గాక భోజనమును గూడ తెలుపును. నత్రజనిలో బరువైనది, తేలికైనది అను రెండు రకములు కలవు. చిన్న ప్రాణిని పెద్ద ప్రాణి తినిన ప్రతి మెట్టునను, తినినదాని దేహమున బరువైన రకము పాలు కొంచెము హెచ్చును. కావున వేటాడు సొర పూసలో లోపలి వలయమును వెలుపలి వలయముతో పోల్చినచో, అది పిల్లతనమున ఏ స్థాయి ఆహారము తినెనో, పెరిగిన పిదప ఏ స్థాయి ఆహారము తినెనో ఊహింపవచ్చును.

ఇంత శ్రమ యెందుకని మీరడుగవచ్చును. వయస్సును తక్కువగా లెక్కించినచో చేప త్వరగా పెరుగునని భ్రమపడుదుము; పట్టినన్ని మరల పుట్టునని వలలు వేయుదుము. మెల్లగా పెరుగు ప్రాణి ఆలస్యముగా ఈడేరును. అట్టి జాతి ఒకసారి క్షీణించినచో తిరిగి కోలుకొనుటకు అనేక సంవత్సరములు పట్టును. మన దేశమున 2001లో తిమింగల సొరకు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ కల్పించిరి. 2022లో విశాఖపట్టణము సమీపమున తంతడి తీరమునకు వచ్చిన తిమింగల సొరను అటవీశాఖవారును జాలరులును కలసి మరల సముద్రములోనికి పంపిరి.

మన చిత్రావతి యొడ్డుకు సముద్రము చాల దూరము. అయినను ఈ పాఠము మనకు కొత్తది కాదు. రైతు అమ్మువాని మాటను ఎద్దు పళ్లతో సరిచూచును. శాస్త్రజ్ఞుడు వలయముల లెక్కను కర్బనముతో సరిచూచెను. ఒక సాక్ష్యమును మరియొక సాక్ష్యముతో సరిచూచుకొనిన పిదపనే దేనినైనను నిజమని నమ్మవలెను.