గాజుల పనికి బల్ల

చార్మినారు పక్కన లాడ్ బజారు ఉంది. లక్క గాజులకు అది పెట్టింది పేరు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో సర్కారు జి.ఐ. గుర్తింపు వచ్చింది.

పాతబస్తీలో ఎందరో ఆడవాళ్లు ఇంట్లోనే గాజులకు రాళ్లు అద్దుతారు. నేల మీద వంగి వంగి నడుము పట్టేస్తుంది.

చిన్న బల్ల చేయించుకుంటే నయం. పాత తలుపు చెక్క చాలు.

బాసింపట్టు వేసి కూర్చోవాలి. నేల నుంచి మోచేతి దాకా కొలవాలి. 10 అంగుళాలు వచ్చిందనుకోండి. చెక్క మందం 1 అంగుళం. కాళ్లు 9 అంగుళాలే కోయించాలి. అత్త కొలత కోడలికి పనికిరాదు!

వెనకా, పక్కలా అడ్డకర్రలు కొట్టాలి. లేకుంటే బల్ల ఊగుతుంది. ముందు వద్దు, మోకాళ్లకు తగులుతుంది. అంచుకు సన్న పట్టీ కొడితే రాళ్లు దొర్లిపోవు.

కుంపటి బల్ల మీద పెట్టొద్దు. పక్కన బండ మీద పెట్టాలి. కిటికీ తెరవాలి. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.