కారు కొనుటకు ముందు చేయవలసిన లెక్క

గడచిన విద్యాసంవత్సరములో ఒక శనివారము సాయంకాలము, మన పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలిక తండ్రి మా యొద్దకు వచ్చి, రెండు కరపత్రములను బల్లపైనుంచి, “అయ్యవారూ, ఈ రెండింటిలో దేనిని కొనమందురు?” అని అడిగిరి. ఒకటి టాటా పంచ్; రెండవది హ్యుందాయ్ ఎక్స్‌టర్. రెండును పెట్రోలుతో నడచు చిన్న ఎస్.యు.వి. కార్లు. వారి నివాసము హోసూరు. స్వగ్రామము తళి వైపున నున్నది. ఇంటిలో భార్య, ఇరువురు బిడ్డలు, మోకాళ్ళ నొప్పులతో బాధపడు అవ్వ. కరపత్రములు తమిళములోను, ఆంగ్లములోను ఉండుటచే, వానిని తెలుగులో విడమరచి చెప్పుమని వారి కోరిక.

ఇట్టి ప్రశ్న మన తల్లిదండ్రులలో పెక్కుమందికి కలుగుచున్నది. ఇల్లు కట్టుట, పెండ్లి చేయుట తరువాత మధ్యతరగతి కుటుంబము చేయు పెద్ద ఖర్చు ఇదియే. కావున నాడు వారితో కూర్చుండి మేము ఆలోచించిన విషయములను ఇచట పాఠముగా వ్రాయుచున్నాము.

ఈ రెండు బండ్లును కవలపిల్లలవలె ఏల కన్పట్టుచున్నవో మొదట తెలియవలెను. పొడవు 4 మీటర్లను, పెట్రోలు ఇంజను పరిమాణము 1200 ఘన సెంటీమీటర్లను మించని కార్లకు మన దేశములో పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి ఇట్టి కార్లపై వస్తు సేవల పన్ను 18 శాతమునకు తగ్గింపబడినది. అంతకు పూర్వము 28 శాతము పన్నును, దానిపై సెస్సును ఉండెడివి. ఈ హద్దుకు లోబడియే కంపెనీలు కార్లను రూపొందించుచున్నవి. 2021 అక్టోబరులో విడుదలయిన పంచ్ పొడవు 3827 మిల్లీమీటర్లు, ఇంజను 1199 ఘన సెంటీమీటర్లు. 2023 జూలైలో విడుదలయిన ఎక్స్‌టర్ పొడవు 3815 మిల్లీమీటర్లు, ఇంజను 1197 ఘన సెంటీమీటర్లు. పంచ్ మహారాష్ట్రలోని పూనా ప్రాంతమునుండియు, ఎక్స్‌టర్ తమిళనాట శ్రీపెరుంబుదూరునుండియు వచ్చినవి. మన భాషవారు రెండు రాష్ట్రములందును ఉన్నారు గనుక, ఊరి అభిమానముతో తీర్పు చెప్పుటకు వీలు లేదు!

ఇక భేదముల మాట. పంచ్ ఇంజనులో మూడు సిలిండర్లు. ఎక్స్‌టర్ ఇంజనులో నాలుగు. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒకదాని అదురును మరియొకటి చాలవరకు సరిపెట్టును గనుక, సిగ్నలువద్ద ఆగియున్నప్పుడును, పట్టణపు రద్దీలోను అది మెత్తగా నడచును. మూడు సిలిండర్ల ఇంజనులో కొంత అదురు తెలియును. అది లోపము కాదు, దాని స్వభావము. సామాను పెట్టు డిక్కీ పంచ్‌లో 366 లీటర్లు, ఎక్స్‌టర్‌లో 391 లీటర్లు. నేలకును బండి అడుగునకును నడుమ ఎడము పంచ్‌లో 187, ఎక్స్‌టర్‌లో 185 మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్ల భేదమునకై వాదులాడ నవసరము లేదు. పంచ్ తలుపులు మాత్రము 90 డిగ్రీల వరకు తెరచుకొనును. యువకులకు ఇది అల్పవిషయము. మోకాళ్ళు వంగని అవ్వకు ఇదియే పెద్ద విషయము.

బిడ్డల రక్షణ విషయమున ఎక్కువ శ్రద్ధ వహింపవలెను. 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ పంచ్ బండిని ఢీకొట్టించి పరీక్షించి, పెద్దవారి రక్షణకు ఐదు నక్షత్రములను, పిల్లల రక్షణకు నాలుగు నక్షత్రములను ఇచ్చినది. ఎక్స్‌టర్ విడుదలైననాడే అన్ని రకములలోను ఆరు ఎయిర్ బ్యాగులతో వచ్చినది. పంచ్ తొలుత రెండింటితో వచ్చినది. “నక్షత్రములు గొప్పవా, గాలిసంచులు గొప్పవా?” అని ఆ తండ్రి అడిగిరి. ఈ రెండును వేర్వేరు విషయములు. బండి గూడు నలిగి లోనివారిని నొక్కకుండుట ఒక రక్షణ. లోనివారి తల, రొమ్ము గట్టి భాగములకు తగులకుండుట మరియొక రక్షణ. ఒకటి ఉన్నదని రెండవదానిని విడువరాదు. 2023 అక్టోబరునుండి మన దేశములోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుచున్నవి. కంపెనీలు ఏటేటా మార్పులు చేయుచుండును గనుక, తాము కొనబోవు సంవత్సరపు, ఆ రకపు బండికే ఎయిర్ బ్యాగులెన్ని, పరీక్షాఫలితమేమి అని వ్రాతమూలకముగా చూపుమని షోరూమువారిని అడుగవలెను.

అయితే ఒక మాట మరువరాదు. సీటు బెల్టు కట్టుకొననివానిని ఎయిర్ బ్యాగు పూర్తిగా కాపాడలేదు. అది బెల్టుకు తోడే గాని బదులు కాదు. మన పాఠశాల ద్వారమువద్ద ఐదుగురు కూర్చుండవలసిన కారులోనుండి ఎనమండుగురు బిడ్డలు దిగుటను మేము కన్నులార చూచితిమి. ఒక బాలుడు ముందు సీట్ల నడుమ నిలుచుండి వచ్చెను. అట్టి బండికి ఎన్ని నక్షత్రములున్న నేమి ప్రయోజనము? 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకున్న 1000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి యటుంచి, చంటిబిడ్డను ముందు సీటులో ఒడిలో నుంచుకొనుట ప్రాణాపాయము. పిల్లలు వెనుక సీటులోనే, బెల్టుతోనే కూర్చుండవలెను. పైకప్పు కిటికీలోనుండి బిడ్డలను నిలువబెట్టి ఊరేగించుట వేడుక కాదు, అవివేకము.

ఇక ధనము. ఆ తండ్రి మొదట పైకప్పు కిటికీతో కూడిన పై రకమును 8 లక్షల అప్పుతో, 7 ఏండ్ల వాయిదాలపై కొనదలచిరి. “నెలకు పదమూడు వేలలోపే గదా” అనిరి. మేము వారి కుమార్తెను పిలిచి లెక్క వేయుమంటిమి. వడ్డీ సాలుకు 9 శాతమనుకొన్నచో, 8 లక్షలకు 7 ఏండ్లు నెలవాయిదా సుమారు 12,871 రూపాయలు. అదే వడ్డీతో క్రింది రకమునకు 6 లక్షలు తీసికొని 5 ఏండ్లలో తీర్చినచో నెలవాయిదా సుమారు 12,455 రూపాయలు. నెలకు భేదము 416 రూపాయలే! కాని మొదటిదానిలో వడ్డీ 2,81,000 దాటును. రెండవదానిలో 1,47,300 మాత్రమే. ఆ బాలిక తల యెత్తి, “నాయనా, ఆ ఏడేండ్లు ముగియునప్పటికి నా కాలేజీ చదువు కూడ ముగియును గదా!” అనెను. తండ్రి కొంతసేపు మాటాడలేదు. కాలేజీ రుసుములును, కారు వాయిదాలును ఒకే కాలమున వచ్చునని అంతవరకు వారికి తట్టలేదు.

మైలేజి విషయమున జనులు మిక్కిలి తర్కించుచుందురు. నెలకు 800 కిలోమీటర్లు తిరిగి, పెట్రోలు లీటరు 100 రూపాయలని లెక్కకొరకు అనుకొందము. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చు బండికి 5,333 రూపాయలు, 16 ఇచ్చు బండికి 5,000 రూపాయలు అగును. భేదము ఏడాదికి 4,000 రూపాయలు. పైన చెప్పిన వడ్డీ భేదమును ఈ మైలేజి భేదముతో పూడ్చుకొనవలెనన్న 33 ఏండ్లు పట్టును. కావున కరపత్రములోని మైలేజి అంకెకంటె బ్యాంకు కాగితములోని అంకెలను శ్రద్ధతో చదువవలెను. షోరూము ధరపై రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను, బీమా చేరును. ఆ మొత్తమును విడివిడిగా వ్రాయించుకొని, అక్కరలేని అలంకారములను కొట్టివేయింపవలెను.

సరిహద్దులందు నివసించు మనకు మరియొక చిక్కు కలదు. ఒక రాష్ట్రములో రిజిస్టరయిన బండిని వేరొక రాష్ట్రములో 12 నెలలకు మించి ఉంచినచో అచట మరల రిజిస్టరు చేయింపవలెను. పన్ను కూడ కట్టవలసివచ్చును. బళ్ళారిలో గాని, బరంపురములో గాని, యానాములో గాని, తాము నిజముగా కాపురముండు చోటనే బండిని రిజిస్టరు చేయించుట మేలు. పన్ను తక్కువని బంధువుల చిరునామా వ్రాయించుట నేరమునకు దారి తీయును.

చివరకు, ఇరువురు బిడ్డలను, అవ్వను ఎక్కించుకొని, ఏ.సి. వేసి, ఎత్తైన రోడ్డున రెండు బండ్లను నడిపి చూడుమంటిమి. తాము గేరు మార్చనక్కరలేని రకమును కోరువారు ఎక్కుడు రోడ్డున ఆగి మరల కదలుట కూడ పరీక్షింపవలెను. పట్టణములోనే ఎక్కువ తిరుగుచు మెత్తని నడకను కోరువారికి ఎక్స్‌టర్ నచ్చును. పల్లె దారులలో గట్టి బండిని, వృద్ధులకు సులువుగా ఎక్కి దిగుటను కోరువారికి పంచ్ నచ్చును.

ఆ కుటుంబమువారు ఏ బండిని కొనిరో ఇచట వ్రాయము. వ్రాసినచో తక్కినవారు లెక్క మాని దానినే కొనగలరను భయము. క్రింది రకమునే ఐదేండ్ల వాయిదాపై తీసికొనిరని మాత్రము చెప్పగలము. నేడు ఆ బాలిక వెనుక సీటులో బెల్టు కట్టుకొని పాఠశాలకు వచ్చుచున్నది. తమ్ముడు కట్టుకొనువరకు బండిని కదలనీయదట. మన బిడ్డలు బడిలో నేర్చిన లెక్కను ఇంటిలో వినియోగించు అవకాశమును తల్లిదండ్రులు ఇత్తురుగాక!