ముందు ఒక మిక్చర్ ప్యాకెట్ విప్పండి

హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామికవాడలో తినుబండారాలు, ప్లాస్టిక్, ప్యాకేజింగ్ చిన్న పరిశ్రమలు పక్కపక్కనే ఉంటాయి. కొట్టు ముందు వేలాడే ప్రతి ప్యాకెట్ మీది బొమ్మా ఎవరో ఒకరు కంప్యూటర్లో గీసినదే. ఆ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: అయిదు రూపాయల మిక్చర్ ప్యాకెట్ కొని, తిని, కవరును అతుకుల దగ్గర విప్పి బల్లమీద పరవండి.

ఇప్పుడు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ డౌన్‌లోడ్ చేసుకోండి. 2003 నుంచీ ఉచితంగా దొరుకుతోంది. తెరవగానే కనిపించే టూల్స్ వరసను చూసి బెదరొద్దు. కవరును స్కేలుతో కొలిచి, అదే కొలతతో పేజీ పెట్టి, పెన్ టూల్‌తో లోగో ఒంపులు గీయండి. మొదటిరోజు గీత మాట వినదు. గీత మీది బిందువులు, అంటే నోడ్‌లు, ఎక్కువైతే ఒంపు గతుకులు పడుతుంది. ఒక్కొక్కటే తీసేస్తూ పోతే నునుపు తేలుతుంది. ఈ పట్టు చిక్కితే రేపు కోరెల్‌డ్రా లాంటి మరో సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టినా చేతికి కొత్తగా ఉండదు.

తెలుగు పేరుకు మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లున్నాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటర్ నేరుగా వీటిలోకి రాదు, కన్వర్టర్ కావాలి. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చండి. ఆ ఫాంటు అక్కడ లేకపోతే ఒత్తులు చెదిరిపోతాయి. మార్చాక అచ్చుతప్పు దిద్దలేరు కాబట్టి అసలు ఫైలు విడిగా దాచండి.

అసలు విద్య అచ్చులో ఉంది. ఇలాంటి ప్యాకెట్లు అచ్చేసే గ్రేవ్యూర్ పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కాలి. అనవసరంగా కలిపిన రంగు యజమానికి ఖర్చు. పారదర్శక ఫిల్మ్ మీద బొమ్మను తిరగేసి లోపలివైపు అచ్చేస్తారు, తెలుపు కూడా విడిగా వేయాల్సిన రంగే. తెరమీద మెరిసే నీలం కాగితం మీద మందగిస్తుంది. బార్‌కోడ్ గీతలు ఎరుపులో వేస్తే చాలా స్కానర్లు చదవలేవు, వాటి వెలుతురూ ఎరుపే. ఉద్యోగమిచ్చేవాళ్లు వెతికేది ఇవి తెలిసిన మనిషినే. పదో తరగతి పిల్లలైతే పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష పాలిసెట్ రాసి ప్రింటింగ్ టెక్నాలజీ డిప్లొమాలో చేరొచ్చు.

గీసిన కవరును పోర్ట్‌ఫోలియోలో పెడితే సాధన కోసం గీసినదని రాయండి, ఆ కంపెనీకి చేసినట్టు చూపొద్దు. అసలు కొలతలోనే ప్రింట్ తీసి, భోజనాల వేళ, మిషన్ ఆగి ఉన్నప్పుడు దగ్గర్లోని ప్యాకేజింగ్ ప్రెస్సుకు వెళ్లి, మిషన్ నడిపే ఆయన్ని ‘అన్నా, ఇది సిలిండర్‌కి పోతుందా?’ అని అడగండి. ఆయన పెన్నుతో సున్నా చుట్టిన చోట్లన్నీ దిద్ది, వారం తిరక్కముందే మళ్లీ తీసుకెళ్లండి.