తొండ మెడ ఎందుకు ఎర్రబడుతుంది?

"తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుంది" అనే సామెత మీరు వినే ఉంటారు. శాస్త్రం దీన్ని ఒప్పుకోదు. ఈ రెండూ వేరు వేరు జాతులు. అయితే తొండ రంగు మారడం నిజమే. అందుకు కారణం వయసు కాదు, ఋతువు.

మీరు భిలాయి ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో ఉంటున్నట్లయితే, వానలు దగ్గరపడే రోజుల్లో పెరటి కంచెను గమనించండి. తల, మెడ ఎర్రబడి, తల పైకీ కిందకీ ఊపుతూ కనిపించేది మగ తొండ. అది రక్తం పీల్చి ఎర్రబడిందని కొందరు పిల్లలు రాళ్ళతో కొడతారు. తొండ ఆహారం పురుగులు, చీమలు. అది రక్తం పీల్చదు.

మరి ఆ ఎరుపు ఎలా వచ్చింది? సరీసృపాల శరీర ఉష్ణోగ్రత పరిసరాలను బట్టి మారుతుంది. అందుచేత వాటి ప్రత్యుత్పత్తి కూడా ఋతువులకు లోబడి ఉంటుంది. వేడి, పగటి నిడివి, తేమ వంటి మార్పులకు మెదడులోని హైపోథాలమస్ స్పందించి, పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. పీయూష గ్రంథి హార్మోన్ల వల్ల మగ తొండలో వృషణాలు పెరిగి టెస్టోస్టిరాన్‌ను స్రవిస్తాయి. మెడ ఎరుపు, ఇతర మగ తొండలతో పోరు ఈ కాలపు లక్షణాలే. చలికాలంలో వృషణాలు కుంచించుకుపోతాయి.

ఆడ తొండలో అండాశయం ఈస్ట్రోజన్‌ను స్రవిస్తుంది. దాని ప్రభావంతో కాలేయం సొనకు కావలసిన ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. అది రక్తం ద్వారా అండాలకు చేరుతుంది. అంటే గుడ్డులోని ఆహారం తల్లి కాలేయంలో పుట్టినదే!

గుడ్లు తయారైనా నేల గట్టిగా ఉంటే తొండ గుంట తవ్వలేదు. అప్పుడేం చేస్తుంది? ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో దీన్ని పరిశీలించారు. గుడ్లు పెట్టడానికి అనువైన చోటు దొరకకపోతే, ఆడ తొండ వాటిని అండవాహికలోనే ఎక్కువ కాలం నిలుపుకుంటుందని, ఒక దశ దాటాక లోపలి పిండాల పెరుగుదల ఆగిపోతుందని గుర్తించారు. వాన పడి నేల మెత్తబడగానే అది గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మన్ను కప్పి వెళ్ళిపోతుంది. ఆ తరువాత వాటివంక చూడదు. కాబట్టి వానాకాలంలో పొట్ట ఉబ్బి, నెమ్మదిగా నడిచే తొండను కొడితే, దానితోపాటు కడుపులోని గుడ్లన్నీ పోతాయి.

పాఠంలోని ప్రశ్నలు
1. మగ తొండ మెడ ఎర్రబడే కాలంలో దాని వృషణాలలో వచ్చే మార్పు ఏమిటి?
2. సొన తయారీలో కాలేయం పాత్రను రెండు వాక్యాలలో రాయండి.
3. వానలు ఆలస్యమైతే ఆడ తొండ గుడ్లు ఏమవుతాయి?